పచ్చ లైటు వెలిగితే సరిపోయిందా?

మా రోజుల్లో లైను పోయిందంటే యాడ పోయిందో వేలు పెట్టి చూపించేవాళ్లం. గూడూరు ఎక్స్ఛేంజీలో పోయి ఉండాలి, లేదంటే రోడ్డు వారన గుంతలో జాయింటు తడిసి ఉండాలి, కాదంటే ఎవడో రాగితీగె కోసుకుపోయి ఉండాలి, అదీ కాదంటే మన టేబుల్ మీది మోడెమే మొరాయించి ఉండాలి. ఇప్పటి పిలకాయల్ని అడిగి చూడండి. "ఏదో నెట్‌వర్క్ ఇష్యూ సార్, అదే వచ్చేస్తది" అంటారు. యాడ ఇష్యూ అంటే స్క్రీన్ చూపిస్తారు. స్క్రీన్ మీద పచ్చ లైటు వెలుగుతా ఉంటుంది. పచ్చగా ఉంది గాబట్టి తప్పు వాళ్లది కాదంట.

మా చిల్లకూరును 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లాలో కలిపారు. కాగితం మారింది గానీ నోరు నెల్లూరిదే. ఒకప్పుడు ఈ పక్క అంటే గూడూరు నిమ్మకాయల మార్కెట్టు, సిలికా ఇసుక, సముద్రం వైపు పోతే రొయ్యల గుంతలు. ఇప్పుడు అట్టా కాదు. 2008లో కృష్ణపట్నం పోర్టు తెరిచారు, తమ్మినపట్నంలో కరెంటు ఫ్యాక్టరీలు లేచాయి. 2025 జనవరిలో ప్రధానమంత్రి విశాఖపట్నంలో మీట నొక్కి మా చిల్లకూరు, కోట మండలాల్లో వచ్చే క్రిస్ సిటీకి శంకుస్థాపన చేశారు. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో ఇదొక ముక్క. రేపు ఆ షెడ్లన్నీ లేస్తే ప్రతి షెడ్డులో ఒక ఫైర్‌వాల్ పెట్టె ఉంటుంది, దాని జోడు చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే పని మా మేనల్లుడి లాంటోళ్ల చేతికి పోతుంది. నా దిగులంతా అదే.

లీజ్డ్ లైన్ అంటే ఇప్పుడు చెప్తే నవ్వుతారు. 64 కిలోబిట్లు. ఫోన్లో ఒక ఫోటో పంపడానికి ఇప్పుడు సెకను పట్టదు, అప్పుడు ఆ లైను మీద నిమిషాలు పట్టేది. దానికోసం టెలికం ఆఫీసు చుట్టూ తిరగాలి, డిపాజిట్ కట్టాలి, నెలల తరబడి కనిపెట్టుకోవాలి. విదేశ్ సంచార్ నిగమ్ వాళ్లు 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు దాన్ని పెద్ద ఊళ్లలోనే చూశారు. మా దిక్కున అప్పటికి కంప్యూటర్ సమాచారం అంటే జిల్లా కలెక్టరేట్ మీద నిక్‌నెట్ గొడుగు ఒకటి, అంతే. పల్లెల్లో సీ-డాట్ వాళ్ల 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీలు. ఏసీ లేకపోయినా నడిచేట్టు చేసిన పెట్టెలవి, ఆ పుణ్యాత్ములకు దండం.

అయినా లైను ఒకసారి వచ్చిందంటే దానికొక ఒళ్లు ఉండేది. ఈ చివర మోడెమ్, ఆ చివర మోడెమ్, మధ్యలో రాగి. అనుమానం వస్తే ఎక్స్ఛేంజీలో ఉన్న ఆయనకి ఫోన్ చేసి "అన్నా, లూపు ఎయ్యి" అంటే వేసేవాడు. మనం పంపింది మనకే తిరిగొస్తే అక్కడిదాకా బాగుందని అర్థం. ఆ తర్వాత చెన్నై వైపు ఆయన లూపు వేసేవాడు. అట్టా లైను పొడుగునా తడుముకుంటా పోయి తెగిన చోట చెయ్యి పెట్టేవాళ్లం. రూటర్‌లో ఆ లైనుకొక పేరు ఉండేది, సీరియల్ సున్నా అని. ఫలానా ఊరికి పోవాలంటే సీరియల్ సున్నాలో దూకు అని ఒక్క లైను రూటు రాస్తే పని అయిపోయేది.

దాని బిల్లు చూసి యజమానులకు గుండె దడ వచ్చేది. అందుకే ఇంటర్నెట్ చౌకయ్యేసరికి అందరూ లీజ్డ్ లైన్లు పీకేసి, అదే ఇంటర్నెట్ మీద గుప్తంగా దారి వేసుకుందాం అన్నారు. 1998 నవంబరులో ఐపీసెక్, ఐకేఈ పద్ధతుల్ని కాగితం మీద పెట్టారు. అదే ఏడాది అమెరికాలో ఒక సంస్థ ప్రత్యేకంగా యంత్రం కట్టి 56 బిట్ల డెస్ తాళాన్ని 56 గంటల్లో పగలగొట్టి చూపించింది. మన దేశంలో అదే ఏడాది ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీలకు లైసెన్సులు ఇస్తా, 40 బిట్లకు మించిన తాళం వెయ్యాలంటే ముందు అనుమతి తీసుకోండి అని రాశారు. ప్రపంచమంతా 56 బిట్లు చాలవని మొత్తుకుంటా ఉంటే మనం 40 దగ్గర గీత గీసుకొని కూర్చున్నాం. ఇట్టాంటివి చూసిన వాణ్ణి గాబట్టి, ఆ రోజులన్నీ బంగారమని నేను అనను.

ఇంకో బాధ ఉంది. మొదట్లో వచ్చిన ఆ గుప్తదారులు, అదే సొరంగాలన్నీ పాలసీ మీద నడిచేవి. చిల్లకూరులో ఒక ఇసుక యార్డు, అందులో మూడు నెట్‌వర్కులు ఉన్నాయనుకోండి, లారీల కాటాది ఒకటి, ఆఫీసుది ఒకటి, కెమెరాలది ఒకటి. చెన్నై ఆఫీసులో నాలుగు. ఇది దానితో మాట్లాడొచ్చు అని ఒక్కో జంటనూ విడివిడిగా రాయాలి. పన్నెండు జంటలు. అదే జాబితాను అటు పక్క అద్దంలో చూసినట్టు తిప్పి రాయాలి. ఒక్కచోట స్లాష్ 24 బదులు స్లాష్ 23 పడితే ఆ జంట లేవదు, మిగతా పదకొండూ లేస్తాయి. ఫలానా ప్రింటర్ మాత్రం పనిచెయ్యదు, ఎందుకో ఎవరికీ తెలియదు. రూటింగ్ టేబుల్ చూస్తే అందులో ఈ సొరంగం ఆనవాలే ఉండదు. ప్యాకెట్ బయటికి పోతా ఉంటే జాబితా దాన్ని మధ్యలో పట్టుకొని తాళం వేసి పంపుతుంది. దారి అనేది కంటికి కనపడని నెట్‌వర్క్ అది. లీజ్డ్ లైన్లు చూసిన మాకు ఒళ్లు మండిపోయేది.

అప్పుడొచ్చింది రూటు మీద నడిచే వీపీఎన్. నెట్‌స్క్రీన్ అనే కంపెనీ పెట్టెల్లో దాన్ని టన్నెల్.1 అనేవాళ్లు. 2004లో జునిపర్ ఆ కంపెనీని కొనేసింది, వాళ్ల తర్వాతి ఎస్‌ఆర్‌ఎక్స్ పెట్టెల్లో అదే ఎస్‌టీ0 అయింది. సిస్కో వాళ్లు వీటీఐ అన్నారు. వాళ్ల ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌కి మాత్రం అది 2017 దాకా రాలేదు, పెద్ద కంపెనీలు నిదానంగా నడుస్తాయి. పేరు ఏదైనా సంగతి ఒక్కటే. సొరంగానికి ఒక ఇంటర్‌ఫేస్ ఇచ్చారు. దానికి ఐపీ అడ్రసు పెట్టొచ్చు, జోన్‌లో వెయ్యొచ్చు, దాని మీదికి రూటు రాయొచ్చు. చెన్నై నెట్‌వర్కుకు పోవాలంటే టన్నెల్.1లో దూకు. పన్నెండు జంటలు లేవు, అద్దాలు లేవు. అయిదో నెట్‌వర్క్ వస్తే ఇంకొక రూటు, దానికొక పాలసీ.

మొదటిసారి అది చూసినప్పుడు మాలాంటోళ్లకి ఎవరూ పాఠం చెప్పాల్సిన పని పడలేదు. ఇది మా సీరియల్ సున్నానే గదా! రాగి పోయింది, మోడెమ్ పోయింది, ఆ పేరు మాత్రం తిరిగొచ్చింది. ఇంటర్నెట్ అనే గుంపులోంచి మనకంటూ ఒక తీగె లాగి చేతికిచ్చారు. దీన్ని కనిపెట్టినోడు ఎవడో గానీ లీజ్డ్ లైను మీద పనిచేసినోడే అయ్యుంటాడని నా నమ్మకం.

ఇప్పటి పిలకాయలకు ఆ తీగె కనపడదు. వాళ్లకది నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్.

మా చెల్లెలి కొడుకు చెన్నైలో ఒక కంపెనీలో ఈ పనే చేస్తాడు. తెలివైనోడు, కాదనను. సిలికా ఇసుక వ్యాపారి ఒకాయనకి చిల్లకూరులో యార్డు, చెన్నైలో ఆఫీసు. కాటా మీద లారీ ఎక్కితే తూకం చెన్నైలో ఉన్న సర్వర్‌కి పోవాలి, అక్కణ్ణించి బిల్లు రావాలి, ఈ-వే బిల్లు తియ్యాలి, అప్పుడు లారీ కదలాలి. మావాడు విజార్డ్ తెరిచి కూర్చున్నంత సేపట్లో రెండు పెట్టెల్ని కలిపేసి, "మామా, టన్నెల్ అప్ అయిపోయింది" అన్నాడు.

"అప్ అయితే కాటా కాడ లారీలు బారులు తీరుండాయేందిరా?"

"పింగ్ పోతా ఉండాది మామా."

"లారీ పోతా ఉండాదా?"

గమ్మున ఉన్నాడు. ఏం జరిగిందో చెప్తా, ఇది తెలిస్తే సగం ఉద్యోగం తెలిసినట్టే. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్లు. దానికి ఐపీసెక్ తాళం వేస్తే తలా తోకా కలిపి ఇంకో యాభై అరవై బైట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. యార్డులో ఉండేది ఇంటికిచ్చే రకం ఫైబర్ కనెక్షన్, పీపీపీఓఈ మీద నడిచేది. అక్కడే ఎనిమిది బైట్లు పోయి 1492 అవుతుంది. పింగ్ చిన్నది గాబట్టి దూరిపోతుంది. లాగిన్ కూడా అయిపోతుంది. బిల్లు పేజీ మొత్తం రావాల్సొచ్చినప్పుడు నిండు ప్యాకెట్లు బయల్దేరి, దారిలో పట్టక రాలిపోతాయి. "ప్యాకెట్ పెద్దదయ్యా, చిన్నది పంపు" అని కబురు రావాలి నిజానికి. ఆ కబురు తెచ్చే ఐసీఎంపీని మధ్యలో ఏదో ఒక ఫైర్‌వాల్ భద్రత పేరు చెప్పి మింగేస్తుంది. స్క్రీన్ మీద బిల్లు గిర్రున తిరుగుతా ఉంటుంది. టన్నెల్ పచ్చగా వెలుగుతా ఉంటుంది.

పింగ్‌కి 1472 సైజు పెట్టి, ముక్కలు చెయ్యొద్దనే గుర్తు పెట్టి కొట్టమన్నా. పోలేదు. తగ్గించుకుంటా వచ్చి యాడ పోతుందో చూడమన్నా. చూశాడు. సొరంగంలో పోయే టీసీపీకి ఎంఎస్‌ఎస్, అంటే ఒక్కో ముక్క సైజు, 1350 అని ఒక్క లైను కొట్టించా. లారీ కదిలింది. ఆ లైను విజార్డ్‌లో లేదు. ఉన్నా ఏదో అడ్వాన్స్‌డ్ అనే మూలలో దాక్కొని ఉంటుంది, దాన్ని తెరిచే ఓపిక ఎవరికుంది?

అంతటితో వదిలిపెడితే నా పేరు చెడిపోతుంది గాబట్టి ఆ కాన్ఫిగరేషన్ మొత్తం చూపించమన్నా. చూస్తే విజార్డ్ గారు పాలసీ పద్ధతిలోనే కట్టి పెట్టారు. యార్డులో 192.168.1, చెన్నై స్టోర్ రూములోనూ అదే 192.168.1. షాపులో కొన్న రూటర్ ఏ నంబరుతో వస్తే ఆ నంబరే ఉంచేశారు. రెండిళ్లకూ ఒకే డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు పాపం. తుడిచేసి, కమాండ్లు కొట్టే నల్ల స్క్రీన్ మీద మొదట్నుంచీ కట్టించా.

యార్డు నంబర్లు ముందు మార్చాం. రెండు పెట్టెల గడియారాలూ ఎన్‌టీపీతో కలిపాం, లాగ్‌లు చదివేటప్పుడు ఈ చివరా ఆ చివరా ఒకే టైము ఉంటేనే కథ అర్థమవుతుంది. తర్వాత ఐకేఈ. ఎవడితో మాట్లాడాలి, ఏ తాళం, ఏ గ్రూపు, ఎంతసేపటికి తాళం మార్చాలి. అందులో వెర్షన్ 2 మాత్రమే అని రాయించా, 2005లో వచ్చిన పద్ధతి, ఇంకా మొదటిదాన్ని పట్టుకొని వేలాడటం ఎందుకు? తర్వాత ఐపీసెక్ ప్రపోజల్. ఆ తర్వాత అసలు లైను, ఈ వీపీఎన్‌ను ఫలానా టన్నెల్ ఇంటర్‌ఫేస్‌కు కట్టు అని. ఆ ఇంటర్‌ఫేస్‌కు రెండు చివర్లా ఒక స్లాష్ 30లోంచి అడ్రసులు, విడిగా ఒక జోన్. బయటి జోన్ మీద ఐకేఈని లోపలికి రానియ్యి అని ఒక లైను, ఇది మరిచిపోయి తెల్లవార్లూ తల పట్టుకునేవాళ్లను చూశా. తర్వాత రూటు. తర్వాత పాలసీలు, అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ, కాటాకు కావలసిన పోర్టులే. అన్నీ తెరిచి పెట్టెయ్యమని మావాడు అన్నాడు, వినిపించనట్టు ఊరుకున్నా.

చేత్తో కొడితే వచ్చే లాభం ఏందంటే ఒక్కో లైనూ ఎందుకో తెలుస్తుంది. గేట్‌వే లేకుండా వీపీఎన్ రాయలేవు, ప్రపోజల్ లేకుండా పాలసీ రాయలేవు. దేని మీద ఏది నిలబడిందో వేళ్లకు తెలిసిపోతుంది. చెడిపోయినప్పుడు అదే వరసలో వెనక్కి నడవొచ్చు. ఐకేఈ లేచిందా? లేవకపోతే తాళమో అడ్రసో గుర్తింపో తప్పు. లేచింది, ఐపీసెక్ లేవలేదా? ప్రపోజల్ చూడు. రెండూ లేచినాయి, ఎన్‌క్రిప్ట్ లెక్క పెరుగుతుంది, డీక్రిప్ట్ సున్నా దగ్గరే ఉంది. మనం పంపేది పోతా ఉంది, అటునుంచి రావడం లేదు, అటుపక్క రూటు లేదనో పాలసీ లేదనో అర్థం. ఈ రెండు అంకెలే నాకు మా పాత లూపు టెస్టు. పచ్చ లైటు ఈ సంగతి జన్మలో చెప్పదు.

రూటు పద్ధతిలో ప్రమాదాలు లేవని కాదు. టన్నెల్ పడిపోతే ఆ రూటు టేబుల్‌లోంచి జారిపోతుంది. అప్పుడు చెన్నైకి పోవాల్సిన ప్యాకెట్ ఊరుకుంటుందా? డిఫాల్ట్ రూటు పట్టుకొని తాళం లేకుండా ఇంటర్నెట్ మీదికి బయల్దేరుతుంది. అందుకని అదే నెట్‌వర్కుకు ఇంకో రూటు, తక్కువ మర్యాదతో, చెత్తబుట్టలోకి రాసి పెట్టాలి. టన్నెల్ ఉంటే టన్నెల్, లేకపోతే అక్కడే చచ్చిపో. ఇంకోటి, ఇంటర్నెట్ అంతా చెన్నై మీదుగానే పోనీ అని డిఫాల్ట్ రూటు తీసుకెళ్లి టన్నెల్‌లో పెట్టేవాళ్లుంటారు. తాళం వేసిన ప్యాకెట్ కూడా చెన్నై పబ్లిక్ అడ్రసుకే పోవాలి గదా, అది కూడా టన్నెల్‌లోనే దూరుతుంది. తన తోక తనే మింగే పాము. ఆ ఒక్క అడ్రసుకు బయటి దారిన విడిగా రూటు రాస్తే గానీ ఒడ్డున పడరు.

దూరంగా కూర్చొని ఫైర్‌వాల్ రూట్లు మార్చడమంటే కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే. మా రోజుల్లో సిస్కో రూటర్ మీద 'రీలోడ్ ఇన్ 10' అని కొట్టి పని మొదలుపెట్టేవాళ్లం. తేడా వచ్చి లోపలికి పోలేకపోతే పది నిమిషాలకు అదే పడిలేచి పాత కాన్ఫిగరేషన్‌తో వచ్చేది. జునిపర్‌లో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' ఇంకా మర్యాదస్తుడు, మళ్లీ ఖాయం చెయ్యకపోతే పది నిమిషాల్లో పడిలేవకుండానే వెనక్కి తిప్పేస్తాడు. మావాడికి ఈ రెండూ తెలియవు. వాడి పద్ధతిలో అయితే లోపలికి పోలేకపోతే కారేసుకొని హైవే ఎక్కడమే. 2021 నవంబరు వానలకు గూడూరు దగ్గర హైవే మీద నీళ్లు పారి బండ్లు నిలిచిపోయినాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినాయి. అట్టాంటి రోజున ఏ కారులో వస్తాడో చూస్తా.

ఆ వానల్ని తలుచుకునే యార్డుకు రెండో టన్నెల్ పెట్టించా, 4జీ రూటర్ మీద. ఫైబర్ తెగితే రూటు దానంతట అదే రెండో తీగె మీదికి దూకుతుంది. పాలసీ పద్ధతిలో ఇది చెయ్యాలంటే ప్రాణం పోతుంది, ఇక్కడ రెండు రూట్లు, అవతలివాడు బతికున్నాడా అని అడిగే ఏర్పాటు ఒకటి. మొబైల్ కంపెనీ వాడు ఇచ్చింది 100.64తో మొదలయ్యే అడ్రసు, వేలమందికి కలిపి వాడే రకం. దాన్ని బయటినుంచి ఎవరూ పిలవలేరు. పిలుపు ఎప్పుడూ చిల్లకూరు నుంచే పోవాలి, 4500 పోర్టు మీద. మా రోజుల్లో పబ్లిక్ అడ్రసు అడిగితే దోసిట్లో పోసినట్టు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అదనంగా డబ్బులు కట్టి దండం పెట్టాలి.

తాళం సంగతి చెప్పకపోతే నిద్ర పట్టదు. రెండు పెట్టెలకూ ఒకే రహస్యపు మాట ఉండాలి. మావాడు పెట్టింది ఊరి పేరు, ఒక ఎట్ గుర్తు, 123. దాన్ని యార్డు మేనేజర్‌కి వాట్సాప్‌లో పంపాడు. ఆయన దాన్ని ఎలక్ట్రీషియన్‌కి ఫార్వర్డ్ చేశాడు. ఏఈఎస్ 256 అని ఎచ్చులు పోతాడు, తాళంచెవి మాత్రం గడప మీద పెట్టుంటుంది. మాది మాత్రం చెక్కుచెదరని కోట అని నేనూ అనలేను లెండి. మేము తలకెత్తుకున్న ఆ నెట్‌స్క్రీన్ పెట్టెల సాఫ్ట్‌వేర్‌లోనే ఎవరో దొంగతనంగా కోడ్ దూర్చి ఉన్నారని 2015 డిసెంబరులో జునిపరే బయటపెట్టింది. అప్‌డేట్ వెయ్యరా అంటే "బాగానే నడుస్తోంది గదా మామా" అనేవాడికి ఈ కథ చెప్తా ఉంటా.

ఇప్పుడు ఆ వ్యాపారి సర్వర్‌ను చెన్నై నుంచి తీసి అమెజాన్ వాళ్ల హైదరాబాద్ రీజియన్‌లో పెట్టాలంటున్నాడు. 2022 నవంబరులో తెరిచారు గదా అది. మావాడు ఎగిరి గంతేశాడు. "ఇంక నల్ల స్క్రీన్ పని లేదు మామా, అంతా బ్రౌజర్‌లోనే" అన్నాడు. సరే చెయ్యి నాయనా అన్నా. క్లిక్కులన్నీ అయిపోయినాక అది ఒక ఫైలు దింపుకోమంది. తెరిస్తే అందులో రెండు టన్నెళ్లు, ఒక్కోదానికీ 169.254తో మొదలయ్యే స్లాష్ 30, మన వైపు ఫైర్‌వాల్‌లో కొట్టాల్సిన కమాండ్లు మొదట్నుంచి చివరిదాకా. అంతా రూటు పద్ధతే. మావాడి మొహం చూడాలి అప్పుడు.

కాపీ కొట్టి అతికించబోతుంటే చెయ్యి పట్టుకున్నా. అందులో గ్రూప్ 2 అని ఉంది, 1024 బిట్ల పాత సరుకు. ఇది కనీసం మాత్రమే, బలమైనది పెట్టుకోండి అని ఆ పక్కనే రాసి ఉంది, వీడు చదివితే గదా. గ్రూప్ 14కి తక్కువ ఉంటే ఒప్పుకోనని చెప్పి, ఒక్కో లైనూ పైకి చదువుతా చేత్తో కొట్టమన్నా. "ఈ కాలంలో ఎవరు మామా టైపు చేసేది" అని గొణుగుతానే ఉన్నాడు. ఇంకా రెండో టన్నెల్ మిగిలే ఉంది.